సాలూప్ సుందరి ముక్కు

టాబితా క్రౌచ్‌కు కోపం ముక్కు మీదే ఉంటుందని ఆ పేటలో అందరికీ తెలుసు. రొట్టెలవాడు తూకం తగ్గించినా, బొగ్గు బండివాడు గుమ్మంలో బురద చిమ్మినా ఆవిడ నోరు వీధి చివరిదాకా వినిపించేది. ఆ నోటికి దడిసి మొగుడు బతికున్నన్నాళ్ళూ పడవల రేవులోనే కాపురం పెట్టాడని చెప్పుకునేవారు. అది అబద్ధం. ఆయన రేవులో మూటలు మోసేవాడు కాబట్టి రేవులో ఉండేవాడు. కానీ మూడో జార్జి రాజుగారి లండన్‌లో నిజానికి గిరాకీ తక్కువ, నవ్వొచ్చే మాటకు గిరాకీ ఎక్కువ. నవ్వును కాగితం మీద అచ్చొత్తి, రంగులు పూసి, అద్దాల కిటికీలో వేలాడదీసి అమ్మే కొట్లు పెద్ద వీధుల నిండా ఉండేవి. అలాంటి కొట్టులోనే టాబితా పద్నాలుగేళ్ళుగా పనిచేస్తోంది.

కొట్టు వాడ్లో అనే ఆయనది. మేడ మీద ఉత్తరపు కిటికీ కింద ఒక పొడవాటి బల్ల, దానికి ఈ పక్క ముగ్గురు ఆడవాళ్ళు, ఆ పక్క ఇద్దరు. రాగిరేకు మీద చెక్కి ఒత్తిన బొమ్మలు ఉత్త నల్లగీతలతో కింది నుంచి వస్తాయి. ఒకామె నీలం వేసి పక్కకు జరుపుతుంది, ఇంకొకామె పసుపు, తర్వాత ఆకుపచ్చ, ఆ తర్వాత గోధుమ రంగు. ఆఖరిది ఎరుపు. ఎరుపు టాబితాది. ఆల్చిప్పలో కలుపుకున్న ఎరుపు పెట్టుకుని ఆమె బల్లకు అవతలి మూల కూర్చుంటుంది. అందుకని ప్రతి కాగితమూ ఆమె ముందుకు తలకిందులుగానే జారి వస్తుంది. తిప్పుకుని చూసే తీరిక లేదు, చూడమని అడిగినవాళ్ళూ లేరు. ముక్కు కొన మీద రెండు చుక్కలు, పక్కన ఒక విసురు, చెంపకు ఒక అద్దు. అంతే, కాగితం ఎండే తాడు మీదికి పోతుంది. విగ్గు జారిన వకీలు, బురదలో పడ్డ పెళ్ళికొడుకు, కుక్కకు భయపడే సైనికుడు, అందరూ ఆమె చేతి కింద నుంచి వెళ్ళినవాళ్ళే. ఊరంతా పొట్ట పట్టుకుని నవ్వే ఆ బొమ్మల్లో ఏముందో ఆమెకు సగం తెలియదు. ఆ నవ్వులో ఆమె వాటా ముక్కులూ చెంపలూ.

ఆమెకు మిగిలిన సొంత మనిషి అక్క కెజయా ఒక్కతే. బజారు మూలన తెల్లవారకముందే బండి పెట్టుకుని సాలూప్ పోస్తుంది. ఎండిన దుంపవేళ్ళ పొడి కాచి, పాలూ పంచదారా కలిపిన ఆ చిక్కటి వేడి పానీయం లేకపోతే కూలీలకు పొద్దు పొడవదు. మొగుడు పోయి, అరవై దగ్గర పడుతున్న మనిషి, ఇరవయ్యేళ్ళుగా అక్కడే నిలబడి నిలబడి కాళ్ళు రెండూ దుంగల్లా వాచిపోయాయి. ఉండేది నీళ్ళూరే నేలమాళిగ. టాబితా గది నాలుగు అంతస్తుల పైన, అక్కడికి కెజయా ఎక్కలేదు. ఇంకో చలికాలం ఆ నేలమాళిగలో గడిస్తే మనిషి దక్కదని వైద్యుడు తేల్చేశాడు. చర్చివాళ్ళు పేద విధవలకు ఇచ్చే గదులు కొన్ని ఉన్నాయి. పొయ్యి ఉంటుంది, బొగ్గు వాళ్ళే ఇస్తారు, మెట్లెక్కే పని లేదు. అందులో ఒకటి ఖాళీ అయింది. కెజయాకే ఇస్తామని చర్చి పెద్ద టిల్లెట్ మాట కూడా ఇచ్చాడు.

అక్టోబరులో ఒక ఆదివారం టాబితా రొట్టె పట్టుకుని వెళ్ళేసరికి అక్క వేడినీళ్ళ తొట్టిలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని ఉంది.

"గది ఇవ్వరటే," అంది కెజయా.

"ఎందుకివ్వరు? మాటిచ్చి చచ్చారుగా."

"తాగుబోతులకి ఇవ్వరట."

"ఎవరు తాగుబోతు?"

"నేనేనట."

తండ్రి జిన్ను తాగి తాగి మురికికాలవలో పడి చచ్చిన నాటి నుంచి కెజయా జిన్ను వాసన తగిలితే వీధి మారేది. ఆమెను పట్టుకుని తాగుబోతు అన్నారు. టాబితా చేతిలోని రొట్టె నలిగిపోయింది.

"ఏ నోటితో అన్నారే ఆ మాట? ఏం చూసి అన్నారు?"

"ఏదో నవ్వుల బొమ్మట. నన్ను చూసే గీశారట. టిల్లెట్ గారు కొనుక్కొచ్చి బల్ల మీద పరిచారట. పెద్దలందరూ ఒకటే నవ్వుట. ఆ నవ్వులోనే నా పేరు కొట్టేశారు."

"ఏ కొట్టువాడు వేశాడు? చెప్పు, వాడి కిటికీ పగలగొట్టి వస్తాను."

కెజయా చెల్లెలి మొహంలోకి చాలాసేపు చూసింది. "పోనీలేవే," అంది చివరికి. "ఏ కొట్టయితే ఏముంది. ఆ రొట్టె ఇలా తే, ముద్దయిపోతోంది."

టాబితా ఆ పూటంతా తిడుతూనే ఉంది. గీసినవాణ్ణి, అచ్చేసినవాణ్ణి, కొన్నవాణ్ణి, వాళ్ళ తాతముత్తాతల్ని వరసపెట్టి తిట్టింది. కెజయా ఒక్క మాట కలపలేదు.

మర్నాడు పొద్దున్నే టాబితా అచ్చు కొట్ల కిటికీలు వెతుకుతూ బయలుదేరింది. మూడు కొట్లు చూసింది, లేదు. నాలుగోది తను పనిచేసే కొట్టే. ఎప్పుడూ వెనక సందులోంచి మేడెక్కే మనిషికి ముందు వైపు కిటికీలో ఏముంటుందో పట్టేది కాదు. ఆ రోజు గుంపును మోచేతులతో తోసుకుంటూ వెళ్ళి చూసింది.

మధ్య అద్దంలో కెజయా ఉంది. పోయిన చలికాలం పన్ను నొప్పికి కట్టుకున్న గుడ్డ, నెత్తిన కుందేలు చెవుల్లాంటి ముడి, వాచిన దవడ, చేతిలో గరిటె, జేబులోంచి తొంగిచూస్తున్న సీసా మెడ, నిప్పుకణికలా మండుతున్న ముక్కు. కింద 'సాలూప్ సుందరి' అని పేరు. ఎదురుగా కప్పు కోసం చెయ్యి చాచిన కూలీ బెదురు చూపులు చూస్తున్నాడు. పట్టుకోటు వేసుకున్న ఒక కుర్రాడు పక్కవాడితో, "ఊరికి ఒక కప్పు, తనకి రెండు గుక్కలు. వ్యాపారం అంటే అదీ," అన్నాడు. అందరూ ఘొల్లుమన్నారు.

"ఏం బాబూ, మీ అమ్మకి పన్ను నొప్పొస్తే కూడా ఇలాగే ఇకిలిస్తావా?" అంది టాబితా.

దానికీ నవ్వారు. కోపంగా ఉన్న ముసలి ఆడది అంటే ఆ గుంపుకు ఇంకో బొమ్మ, అదీ ఊరికే వచ్చింది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అని ఊరికే అనలేదు. గది పోయింది ఒకరికి, పొద్దు గడిచింది వీళ్ళకి.

ఆమె ముందు గుమ్మంలోంచే లోపలికి వెళ్ళింది. వాడ్లో లెక్కల బల్ల వెనక కూర్చుని కాఫీ తాగుతున్నాడు.

"కిటికీలో ఉన్నది మా అక్క," అంది.

"ఎవరమ్మా?"

"సాలూప్ మనిషి. పుట్టి బుద్ధెరిగి జిన్ను ముట్టని మనిషి. మీ బొమ్మ పుణ్యమా అని తాగుబోతు అనిపించుకుంది. చర్చి గది పోయింది. ఈ చలికాలం చస్తే మీరొచ్చి పాతిపెడతారా?"

వాడ్లో చెడ్డవాడు కాదు, అదే చిక్కు. నిజంగానే బాధపడ్డాడు. "అది మా బుర్రలో పుట్టింది కాదు, టాబితా. ఒక పెద్దింటాయన సరదాకి గీసుకొచ్చాడు, మేం రేకు మీద చెక్కాం. అయినా ఆయన తాగుబోతుని గియ్యలేదు. ఉండు." అలమరలోంచి రంగు వెయ్యని కాగితం ఒకటి తీసి ఆమె ముందు పెట్టాడు. పద్నాలుగేళ్ళలో టాబితా ముందుకు తిన్నగా వచ్చిన మొదటి కాగితం అదే.

"చూడు, పన్ను నొప్పితో ఉన్న మనిషి. జేబులో లవంగ నూనె సీసా, దాని మీద పేరు కూడా సన్నగా రాసి ఉంది. ఆ మొహం చూసి కూలీవాడు కప్పు పుచ్చుకోడానికి బెదురుతున్నాడు. అంతవరకే ఆయన హాస్యం. మొదటి రెండు డజన్లు ముక్కుకి ఎరుపు లేకుండా వేశాం, కదల్లేదు, చప్పగా ఉందన్నారు. నేను పైకొచ్చి ముక్కుకి కాస్త పట్టించమన్నాను, గుర్తులేదా? పట్టించావు. ఆ తర్వాత ఆగలేదు మరి."

గుర్తుంది. ఎంత పట్టించమంటారని అడిగింది కూడా. నీకు నేను చెప్పాలా అన్నాడు. ఆ వారమంతా తలకిందులుగా వచ్చిన ముక్కులకు రెండేసి చుక్కలు, ఒక్కో విసురు. నల్లగీతల్లో నొప్పి పడుతున్న అక్కను ఎర్రటి కుంచెతో తాగుబోతును చేసింది ఆ పెద్దింటాయనా కాదు, వాడ్లో కూడా కాదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడింది. అయినా కోపం చల్లారలేదు, ఇంకా పెరిగింది. ఎటు విసరాలో తెలియని కోపం అన్నిటికన్నా చెడ్డది.

ఆ కాగితం లాక్కుని తిన్నగా టిల్లెట్ కొవ్వొత్తుల కొట్టుకు వెళ్ళి ఆయన మొహాన పెట్టింది. ఆయన కళ్ళద్దాలు తగిలించుకుని సీసా మీద అక్షరాలు కూడబలుక్కున్నాడు.

"అయ్యయ్యో. ఇది ముందే చూసుంటే బాగుండేదమ్మా. మేం ముక్కు చూసి తేల్చేశాం. శుక్రవారమే ఆ గది, ఆ మధ్య పోయిన చర్చి గంటలవాడి పెళ్ళానికి ఇచ్చేశాం. తాళం కూడా చేతికిచ్చాం."

"బొమ్మలో ముక్కు చూశారు. ఇరవయ్యేళ్ళ బట్టి ప్రతి ఆదివారం మీ వెనక వరసలోనే కూర్చుంటోంది కదా, ఆ ముక్కు చూళ్ళేదా?"

"ప్రార్థనలో పక్కవాళ్ళ మొహాలు ఎవరు చూస్తారమ్మా," అన్నాడు టిల్లెట్.

టాబితా కాగితం మడిచి జేబులో పెట్టుకుని బయటికి నడిచింది. 

మర్నాడు మంచు పొగలో బజారు మూలకు వెళ్ళింది. కెజయా వాచిన కాళ్ళకు గోనెలు చుట్టుకుని గరిటె తిప్పుతోంది.

"అక్కా, ఆ ముక్కు మీది ఎరుపు నాదే."

కెజయా గరిటె ఆపలేదు. "తెలుసు."

"ఎవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాలా? కొన మీద రెండు చుక్కలు, పక్కన ఒక విసురు. చిన్నప్పుడు నా కొయ్యబొమ్మకి చెర్రీ రసం అలాగే పూసి పాడు చేశావు. కిటికీలో చూడగానే నీ చెయ్యి గుర్తుపట్టాను."

"మరి ఆదివారం అంతసేపు ఊళ్ళోవాళ్ళని తిడుతుంటే ఒక్క మాట అనలేదేం?"

"ఏమనను? మనసు చంపుకుని వేసుంటావనుకున్నా. వెయ్యనంటే పనిలోంచి తీసేస్తాడు. నీ తిండి సంగతి నాకు తెలీదా? అది నాకు చెప్పుకోలేక అలా గింజుకుంటున్నావనుకుని ఊరుకున్నా."

ఆ మాటకు అవునని ఉంటే సరిపోయేది. అక్క ఆమెకు తప్పించుకునే దారి చూపించింది, అది కూడా ప్రేమతో చూపించింది. టాబితాకు ఎన్ని అవలక్షణాలున్నా అబద్ధం చేతకాదు.

"లేదక్కా. అది నువ్వని నాకు తెలీదు. కాగితం నాకు తలకిందులుగా వస్తుంది. నేను మొహం చూళ్ళేదు."

గరిటె ఆగింది.

"ఎన్ని వేశావ్?"

"నాలుగొందలు దాటుంటాయి."

ఒక బొగ్గు కూలీ వచ్చి కప్పు చాచాడు. కెజయా పోసింది, చిల్లర తీసుకుంది, మూత పెట్టింది. అప్పుడు చెల్లెలి వైపు తిరిగింది.

"నాలుగొందల సార్లు నీ చేతి కిందికొచ్చాను. ఒక్కసారీ చూళ్ళేదు. చూసి వేశావనుకున్నప్పుడే నయంగా ఉందే," అంది.

 టాబితా పనికి వెళ్ళింది, ఇంకెక్కడికి వెళ్తుంది? మేడ మీద సాలూప్ సుందరి కాగితాలు మరో కట్ట సిద్ధంగా ఉంది. మొదటిది తలకిందులుగా జారి వచ్చింది. ఆమె దాన్ని తిన్నగా తిప్పి, ముక్కు ముట్టకుండా తాడు మీద వేసింది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. ఆ కట్టయ్యాక వచ్చింది ఇంకో బొమ్మ, చేపల గంప ఎత్తుకుని జారిపడుతున్న ఎవరో ముసలామె. దాన్నీ తిప్పుకుని, కుంచె పక్కన పెట్టి కూర్చుంది. కాగితాలు పేరుకుపోయాయి, నలుగురు ఆడవాళ్ళూ చేతులు ఆపి చూస్తున్నారు. వాడ్లో మెట్లెక్కి వచ్చాడు.

"ఏంటమ్మా, తిప్పుకుని కూర్చున్నావ్? నీకు కావలసింది ముక్కేగా?"

"ఆగండి," అంది టాబితా తలెత్తకుండా. "ఈవిడ ఎవరి అక్కో చూస్తున్నాను."