మా హాల్లో బంగారు పళ్ళ కామెడీ

మా మనవరాలు నిత్య, దాని స్నేహితులు ముగ్గురూ కలిసి ఈ మధ్యాహ్నం మా హాల్లో తెలుగు సంఘం ఉగాది ప్రోగ్రాం కోసం కామెడీ ర్యాప్ వీడియో తీశారు. పళ్ళకి చాక్లెట్ల బంగారు రేకు, చేతిలో చికెన్ లెగ్ పీసు, నోట్లో సాగదీసిన యాస.

"మీరు వేసే ఈ మనిషి ఎవరే?" అన్నాను.

"ఎవరూ కాదు అమ్మమ్మా. అమెరికా సౌత్‌లో బ్లాక్ ర్యాపర్స్ ఇలాగే ఉంటారు. ఇట్స్ జస్ట్ ఫన్నీ."

టెక్సస్‌లోని ఈ ప్లేనోలోనే పుట్టి పెరిగిన పిల్లకి అలాంటి మనిషి ఒక్కడైనా ఎదురుపడ్డాడా అని అడగబోయి ఆగాను. మా శ్రీకాకుళం మాటలో పలకరించాను. "ఏటర్రా, కూడు తిన్నారేటి?"

నలుగురూ పడీ పడీ నవ్వారు. "అమ్మమ్మా, అది మూవీస్‌లో సర్వెంట్ వాయిస్! మళ్ళీ చెయ్యి, రికార్డ్ చేస్తాను!"

"సర్వెంట్ వాయిస్ కాదే. మా అమ్మ నాతో మాట్లాడిన మాట. కాలేజీలో అందరూ ఇలాగే నవ్వితే వారం తిరక్కుండా దాచేసుకున్నాను."

నవ్వు ఆగింది. నిత్య మెల్లగా పళ్ళ మీది రేకు తీసేసింది.

"కానీ ప్రోగ్రాం శనివారమే, అమ్మమ్మా. ఇప్పుడేం చేస్తాం?"

"ఆఫీస్ కాల్‌లో మీ నాన్న పెట్టే అమెరికన్ యాస ఉందిగా. దాని మీద కామెడీ పది నిమిషాలొస్తుంది."

పాత వీడియో నా ఎదుటే డిలీట్ చేయించాను. అల్లుడికి కొత్త స్క్రిప్టు సంగతి ఇంకా తెలియదు.

పిల్లల సరదా పాడుచేశానంటారా? కామెంట్లలో నిరభ్యంతరంగా తిట్టండి. మీ అమ్మ మాట్లాడిన యాసలోనే తిట్టాలి, అంతే.