బిల్లు అరవని పొద్దు

మా హోటల్లో బిల్లు కాగితం మీద రాసే అలవాటు లేదు. నా గొంతే బిల్లు. తిన్న మనిషి చెయ్యి కడుక్కుని గల్లా వైపు నడుస్తుంటే వెనక నుంచి సర్వర్ ఒక్క కేక పెట్టాలి: "నీలం అంగీ, అరవై పైసల్!" గల్లా దగ్గర కూర్చున్న సేటు తలెత్తకుండానే చెయ్యి చాపి అరవై పైసలు తీసుకునేవాడు. ఎనిమిది టేబుళ్ళ మీద ఎవరేం తిన్నారో, ఎవరు రెండో వడ అడిగారో, ఎవరు కాఫీ తాగాక మళ్ళీ చాయ్ తెప్పించుకున్నారో, అంతా సర్వర్ తలకాయలో ఉండాలి. పదకొండేళ్ళు చేశాను ఆ పని. ఒక్క పైసా తప్పు అరవలేదు. ఈ ముక్క చెప్పుకోవడానికి నాకు మొహమాటమేమీ లేదు.

హోటల్ దిల్‌సుఖ్‌నగర్ బస్టాపు పక్కన, విజయవాడ రోడ్డు మీదే ఉండేది. నేనుండేది సాగర్ రోడ్డు చీలే చోట. ఇప్పుడు దాన్ని ఎల్బీనగర్ చౌరస్తా అంటున్నారు, అప్పుడు నాలుగు ఇళ్ళు, బోలెడు బండరాళ్ళు, లారీల దుమ్ము. తెల్లవారకముందే కొత్తపేట మీదుగా నడిచి వచ్చి పొయ్యి వెలిగే వేళకు చొక్కా మార్చుకునేవాడిని. మా ఊరు బాటసింగారం అవతల. మాది చర్చికి పోయే కుటుంబం. ఊళ్ళో చాయ్ కొట్టు దగ్గర మా గ్లాసులు వేరుగా చూరులో దోపి ఉండేవి. తాగి, కడిగి, మళ్ళీ మేమే దోపి రావాలి. అలాంటి నేను పట్నంలో తెల్ల చొక్కా వేసుకుని ఇడ్లీ పెడితే అందరూ నా చేతి ఇడ్లీ తిన్నారు, ఇంకో ప్లేటు తెమ్మన్నారు. మొదటిరోజు ఆ సంగతి తలుచుకుని వంటగది వెనక్కి పోయి ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

నాకు పని నేర్పింది గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక సర్వర్. నాకంటే పదేళ్ళు పెద్ద, అన్నా అని పిలిచేవాడిని. మోచేతి మీద నాలుగు ప్లేట్లు నిలబెట్టడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. "ప్లేట్ల కేసి చూడకు తమ్ముడూ, దారి కేసి చూడు. చూశావా, సాంబారు నీ చొక్కా మీదే" అనేవాడు. భార్య, ఇద్దరాడపిల్లలు ఊళ్ళోనే ఉండేవారు. ఐదుగురు సర్వర్లలో ఆయనొక్కడే అటువైపు మనిషి. అప్పటిదాకా ఆ తేడా మాకెవరికీ గుర్తే లేదు, ఆయన యాస వినిపించినప్పుడు ఆట పట్టించడానికి తప్ప.

మాకు నెలకు ముప్పై ఐదు రూపాయల జీతం, రెండు పూటలా తిండి. టిప్పు వస్తే అది పైన.

అరవై తొమ్మిదిలో ప్రత్యేక రాష్ట్రం కావాలని ఉద్యమం వచ్చింది. రోజు విడిచి రోజు బంద్, మధ్యలో కర్ఫ్యూ. నేనూ ఊరేగింపుల్లో నడిచాను. పని లేని రోజు మలక్‌పేట దాకా పోయి గొంతు చించుకుని వచ్చేవాడిని. మా ఉద్యోగాలు మాకు కావాలన్న మాటలో నాకప్పుడు తప్పు కనిపించలేదు, ఇప్పుడూ కనిపించదు. కానీ హోటల్ మూసిన రోజుల పేరు చెప్పి సేటు మా ఐదుగుర్నీ గల్లా ముందు నిలబెట్టాడు.

"గిరాకీ లేదు, మీరే చూస్తున్నరు గదా. జీతాలు బంద్. తిండి పెడ్త, టిప్పులు మీరే తీస్కోన్రి. జర దినాలు మంచిగయ్యేదాక నడిపియ్యుండ్రి."

మేం తలూపాం. నిజం చెప్పాలంటే నాకు నొప్పి తెలియలేదు. ఎందుకంటే నా టిప్పులు పెరిగాయి. కాలేజీ పిల్లలు గుంపులుగా వచ్చేవారు, నా మాట వినగానే "మనోడే" అనేవారు, ఐదు పైసలు పెట్టే చోట చారాణా, అంటే పావలా, పెట్టేవారు. నేనేదో ఉద్యమానికి నాయకుణ్ణయినట్టు ఛాతీ విరుచుకుని ఆ చారాణాలు జేబులో వేసుకునేవాడిని.

అటు అన్న టేబుళ్ళ మీద గ్లాసులు తప్ప ఏమీ మిగలడం లేదు. ఆయన మాట్లాడడం తగ్గించాడు. ఏం కావాలని అడగకుండా నిలబడేవాడు, చెప్పింది తెచ్చేవాడు. కానీ బిల్లు అరవకుండా ఎట్లా? అరిస్తే ఎక్కడి మనిషో తెలిసిపోయేది. ఒకరోజు ముగ్గురు కుర్రవాళ్ళు ఆయన దగ్గర తిని, గ్లాసు పక్కన చారాణా పెట్టి లేచారు. ఆయన బిల్లు అరిచాడు. అందులో ఒకడు గల్లా దాకా పోయినవాడు వెనక్కి వచ్చి ఆ చారాణా తీసుకున్నాడు. తీసుకుని నేరుగా నా దగ్గరికొచ్చి, "నువ్వు ఉంచుకో అన్నా, నువ్వు మనోనివి" అని నా చేతిలో పెట్టాడు.

నేను ఉంచుకున్నాను. ఇదీ నేను చేసిన పని. అన్న బల్ల తుడుస్తూ చూశాడు, మళ్ళీ తుడుచుకున్నాడు.

మధ్యాహ్నం గిన్నెలు కడిగే చోట ఆయన పక్కన కూర్చుని ఆ చారాణా ఇవ్వబోయాను. ఆయన పుచ్చుకోలేదు. కోపం కూడా రాలేదు, అది నన్ను ఇంకా కాల్చింది.

"నీ దగ్గర తీసుకుంటే అదీ టిప్పేగా తమ్ముడూ" అన్నాడు. "రెండు నెలలైంది ఇంటికి డబ్బు పంపి. మా ఆవిడ అప్పు చేసి పిల్లలకి పెడుతోంది. ఈ నెలా ఇలాగే ఉంటే విజయవాడ బస్సెక్కేస్తాను. ఊళ్ళో కూలికైనా పోతాను."

ఆయన పోతే నాకేమీ నష్టం లేదు. ఆయన టేబుళ్ళు నావి అవుతాయి, నిజమే. కానీ నాకు ప్లేటు పట్టుకోవడం నేర్పిన మనిషి, పనిలో ఒక్క తప్పు లేని మనిషి, నోరు తెరిచినందుకు పస్తుండడమేమిటి? టిప్పు మొహం చూసి ఇస్తారు. నచ్చితే పెడతారు, నచ్చకపోతే పెట్టిందీ తీసుకుపోతారు. జీతం పని చూసి ఇవ్వాలి. ఈ ఒక్క ముక్క అర్థం కావడానికి నాకు ఒక చారాణా ఖర్చయింది. ఈమధ్య కొత్తపేటలో మా పిల్లలు ఏసీ హోటల్‌కి తీసుకుపోతే బిల్లులో సర్వీసు ఛార్జీ అని కనిపించింది. ఇది నీకిస్తారా బిడ్డా అని సర్వర్ అమ్మాయిని అడిగాను. ఆ పిల్ల మేనేజర్ వైపు చూసి నవ్వి ఊరుకుంది. నేను మేనేజర్ని పిలిచాను. మా వాళ్ళు తలలు దించుకున్నారు, దించుకోనీ.

సరే, ఆ సాయంత్రమే సేటు దగ్గరికి పోయి జీతాలు మళ్ళీ మొదలుపెట్టమన్నాను. ఆయన నన్ను పక్కకు పిలిచాడు.

"నీకిస్త. ఇంకెవ్వరికి జెప్పకు. గా గుంటూరాయన సంగతి నీకెందుకు? గీ దినాలల్ల ఆయనకు పని ఇచ్చుడే ఎక్కువ. నువ్వు మనోనివి."

నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. "మా ఊర్ల నాకు గ్లాసు వేరే పెట్టినోళ్ళు సుత మనోళ్ళే సేటూ" అన్నాను. ఆయనకు అర్థమైందో లేదో తెలియదు. "ఇస్తే ఐదుగురికియ్యి" అనేసి వచ్చేశాను. ఆయన ఇవ్వలేదు.

పని మానేద్దామన్నారు మిగతా ముగ్గురు సర్వర్లు. మానేస్తే సేటుకు ఇంకో బంద్ ఎక్కువైనట్టు, అంతే. రోజు విడిచి రోజు మూతపడే హోటల్‌ని మనం మూస్తే ఎవరికి పట్టింది? అప్పుడు నాకు తోచింది.

"పనంత చేద్దం. ఇడ్లీ పెడదం, నీళ్ళు పోద్దం, బల్లలు తుడుద్దం. బిల్లు ఒర్రుడు ఒక్కటే బంద్ పెడదం."

మావాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వడం మొదలుపెట్టారు. అన్న ఒక్కడే నవ్వలేదు. "నా మూలంగా మీ పొట్ట కొట్టుకోకండి" అన్నాడు.

"నీ మూలంగ గాదన్నా. ఇయాల నీ బల్ల మీది పైసలు గుంజుకున్నోడు రేపు నా బల్ల కాడికి రాడా?"

మర్నాడు బంద్ లేదు. పొద్దున్నే బస్సుల జనం నిండిపోయారు. మొదట లేచింది కొత్తపేటలో ఉండే ఒక బడిపంతులు. రోజూ వచ్చేవాడు, రోజూ ఒకటే తినేవాడు. గల్లా ముందు నిలబడ్డాడు. సేటు చెయ్యి చాపి మా కేక కోసం చూశాడు. మేం నీళ్ళు పోస్తున్నాం.

"ఏం దిన్నరు సార్?" అన్నాడు సేటు చివరికి.

"రోజూ తినేదేనయ్యా."

"రోజు ఏం దింటరు?"

పంతులు బిత్తరపోయాడు. నాలుగేళ్ళుగా ఆయన దగ్గర డబ్బులు పుచ్చుకున్న సేటుకు ఆయన ఏం తింటాడో తెలియదు. మా ఐదుగురికీ తెలుసు: రెండిడ్లీ, చట్నీ లేకుండా కారప్పొడి, చక్కెర తక్కువ కాఫీ. ఆ క్షణంలో నా పని ఎంత పెద్దదో నాకే మొదటిసారి తెలిసింది.

ఆ తర్వాత అంతా తిరనాళ్ళయిపోయింది. రెండు ప్లేట్ల పూరీ, ఒక దోశ లాగించిన లారీ డ్రైవర్ "ఒక్క చాయ్" అని చెప్పి పగలబడి నవ్వుతూ పోయాడు. ఒకావిడ తిన్నదానికంటే ఎక్కువ చెప్పి, కాదు కాదని మళ్ళీ లెక్కపెట్టుకుంది. సేటు గల్లా వదిలి బల్లల మధ్యకు వచ్చాడు. ఈ పక్క చూస్తే ఆ పక్క నలుగురు లేచి పోతున్నారు. నా దగ్గరికొచ్చి "అరేయ్, గా తెల్లంగి ఏం దిన్నడ్రా?" అన్నాడు. నేను ఆయనకో గ్లాసు నీళ్ళు పోసిచ్చాను. లోపల గొంతు దురద పెడుతోంది. తొమ్మిదేళ్ళుగా... కాదు, అప్పటికి నాలుగేళ్ళే, నాలుగేళ్ళుగా అరిచిన గొంతు అది, దాన్ని పట్టి ఉంచడం నాలుగు ప్లేట్లు మోయడం కంటే కష్టమైంది. బయట ఊరంతా నినాదాలు, మా హోటల్లో చెంచాల చప్పుడు.

పదింటికి చారాణా తీసుకున్న కుర్రవాడే వచ్చాడు.

"ఏందన్నా, ఇయాల సప్పుడే లేదు?"

చెప్పాను. వాడు అక్కడికక్కడే లేచాడు. "మనోళ్ళకు జీతం ఇయ్యడా? పా, అడుగుదం."

నేను వాడి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. "మనోళ్ళకు గాదు తమ్మీ, ఐదుగురికి. సడక్ మీద మనం అడుగుతున్నదేంది? ఒకల దయ వద్దు, మా హక్కు మాకియ్యమనే గదా? మరి గాయన పని చేసిండు. పైసలు నువ్వెట్ల వాపస్ తీస్కున్నవ్?"

వాడు ప్లేటు దగ్గరికి లాక్కున్నాడు. అన్న వైపు చూడలేదు. క్షమించమని అడిగాడని రాస్తే బాగుంటుంది, కానీ అడగలేదు. తినడం ముగించి గల్లా దగ్గరికి పోయి తాను తిన్నవన్నీ వరసగా తానే గట్టిగా చెప్పాడు. డబ్బులు పెట్టి, "ఐదుగురికి జీతం ఇయ్యి సేటూ" అని బయటికి నడిచాడు. గల్లా ముందు వరసలో ఉన్నవాళ్ళు కూడా సేటును అడగడం మొదలుపెట్టారు, ఇన్నాళ్ళూ వీళ్ళకు జీతమే లేదా అని.

పదకొండు కాకముందే సేటు మమ్మల్ని పిలిచాడు. మొహం కందగడ్డ అయింది.

"గొంతులు తెర్వుండ్రి. ఒకటో తారీఖు జీతం ఇస్త."

"అందరికా?" అన్నాను.

"అందరికి."

"ఆపిన రెండు నెలలది?"

ఆయన చాలాసేపు గొణుక్కుని సగం ఇస్తానన్నాడు. మాకు ఇంకా పోట్లాడాలని ఉంది, కానీ అన్న నా మోచెయ్యి పట్టుకుని చాలన్నట్టు నొక్కాడు. ఒప్పుకున్నాం. ఆ మిగతా సగం మీద నాకింకా కోపమే.

నేను అటు తర్వాత కూడా ఊరేగింపులకు పోయాను. అన్న నన్నెప్పుడూ వద్దనలేదు, నేను ఆయనకు సంజాయిషీ చెప్పలేదు. నా జన్మలో రెండుసార్లు హక్కు కోసం నిలబడ్డాను, ఒకసారి రోడ్డు మీద అరిచి, ఒకసారి హోటల్లో నోరు మూసుకుని. రెంటికీ గర్వపడతాను. రెండోదానికి కొంచెం ఎక్కువ, ఎందుకంటే అందులో నా లాభం అంతగా లేదు, నా జీతం సేటు ముందే ఇస్తానన్నాడు.

ఒకటో తారీఖున సేటు మాట నిలబెట్టుకున్నాడు. మధ్యాహ్నం అన్న నన్ను వెంటబెట్టుకుని సరూర్‌నగర్ పోస్టాఫీసుకు పోయాడు. ఆయనకు చదువు రాదు, నేను మిషన్ బడిలో ఐదు దాకా చదివాను. మనియార్డరు ఫారం మీద ఆయన భార్య పేరూ ఊరూ రాశాను, డబ్బు రాశాను.

"కింద రెండు ముక్కలు రాయొచ్చు కదా తమ్ముడూ?"

"రాయొచ్చన్నా. ఏం రాయాలె? పిల్లలు మంచిగున్నరా అని రాయనా?"

ఆయన ఆలోచించాడు. వెనక నిలబడ్డవాళ్ళు విసుక్కుంటున్నారు. ఆయన పట్టించుకోలేదు.

"ఇవి జీతం డబ్బులని రాయి" అన్నాడు. "ఎవరూ దయతలిచి ఇచ్చినవి కాదని రాయి."

అలాగే రాశాను.