గాయాన్ని చదివి వినిపించే మనిషి

ఎదురింటివాళ్ళ ఫోనుకు ఆయన కోడలు చేసింది. "సిస్టరమ్మా, మామ పోయిండు. పొద్దుగాల ఛాయ్ తాగి గ్లాసు కింద పెట్టిండు, గంతే. పొద్దుగూకకముందే మట్టి చేస్తమంటున్నరు, జల్దీ రా." ఖమ్మం బస్టాండుకు పరుగులాంటి నడకతో వెళ్ళాను. జూలూరుపాడు బస్సులో కూలబడ్డాక గానీ కాళ్ళకున్న చెప్పులు రెండూ వేర్వేరు జతలవని చూసుకోలేదు.

పోయినాయన మా దవాఖానాలో డ్రెస్సరు, అంటే గాయాలు కడిగి, కుట్టి, కట్టు కట్టే మనిషి. అడవి అంచున ఉన్న ఆ చిన్న సర్కారు దవాఖానాలో నర్సుగా తొమ్మిదేళ్ళు ఆయన పక్కన పనిచేశాను. ఉద్యోగంలో నేను పైదాన్ని, ఆయన కిందివాడు. పనిలో చూస్తే ఆయన ముందు నేను ఎందుకూ కొరగాను. ఈ మాట ఆయన ఉండగా ఒక్కసారీ అనలేదు. నాకు నోరెక్కువ, మెచ్చుకోలు తక్కువ.

మాది మధిర వైపు. కత్తిపీట తెగితే తప్ప నెత్తురు చూసినదాన్ని కాదు. నేను చేరిన రోజే ఎలుగుబంటి కొట్టిన మనిషిని మంచం మీద మోసుకొచ్చారు. నెత్తి చర్మం ఊడి నుదుటి మీద వేలాడుతోంది. కుడికన్ను ఉండాల్సిన చోట గుంట ఉంది. ట్రెయినింగులో నేర్చుకున్నదంతా మరిచిపోయి గోడ పట్టుకుని వాంతి చేసుకోబోయాను. ఆయన తల కూడా ఎత్తలేదు. "కక్కుకో సిస్టరమ్మా, తప్పులేదు. బకెట్ల కక్కు, బల్ల మీద మాత్రం వద్దు" అన్నాడు.

చర్మాన్ని సర్ది, కుట్లు వేసి, చేతులు కడుక్కుని, చెక్క స్కేలు తీసి కొలిచాడు. రిజిస్టరులో రాశాడు. ఆ తర్వాత చేసిన పని చూసి నాకు ఒళ్ళు మండింది. మూలుగుతున్న ఆ మనిషి చెవి దగ్గర వంగి, రాసిందంతా పైకి చదివాడు. "నెత్తి మీద తొమ్మిదంగుళాల గాయం. కుడికన్ను పోయింది. ఎలుగు గోళ్ళతోని అయింది."

"అన్నా, నీకేమన్నా మతి ఉందా? ఇప్పుడతనికి అది వినిపించాలా?" అని అరిచాను.

"గాయం ఆయనది, రాత మనది. మనం ఏం రాసినమో ఆయనకు తెల్వొద్దా?" అన్నాడు.

ఆ అలవాటు ఎక్కడిదో చాలా రోజుల తర్వాత చెప్పాడు. ఆయన తండ్రి బొగ్గుబావిలో పనిచేసేవాడు. పైకప్పు బొగ్గు విరిగిపడి పాదం నుజ్జయింది. మర్నాడు మేస్త్రి ఇంటికి వచ్చి ఆయన్ని భుజాల మీద తీసుకుపోయి ఆఫీసులో కుర్చీలో కూర్చోబెట్టి హాజరు వేయించాడు. మూడు వారాలు అలాగే మోసుకుపోయారు, మోసుకొచ్చారు. "డ్యూటీకి వచ్చినోనికి గాయమెట్లయితది? బావిల గాయమంటే నాగా పడాలె, హాజరు పోవాలె. మా నాయిన నాగా పెట్టలే, గందుకని ఆయినకు గాయం కాలే. కాలు మాత్రం కుళ్ళింది." ఆ కాలు మోకాలి దాకా తీసేశారట. మేస్త్రి కాగితం మీద ఏం రాసుకున్నాడో చదువురాని తండ్రికి ఎవరూ చదివి వినిపించలేదు.

గాయమనే ఆ ఒక్క మాట ఆ చుట్టుపక్కల ఎన్ని తీర్ల బతికేదో ఆయన పక్కన నిలబడే నేర్చుకున్నాను. బంక తీసేవాళ్ళకు గాయమంటే తిండి. చెట్టుకు గాయం చేస్తేనే బంక కారుతుంది. కోర్టులో గాయం రెండు రకాలు, సాదాది, పెద్దది. ఎముక విరిగితే పెద్దది. ఒకసారి సాక్ష్యానికి పిలిచి వకీలు "సింపులా, గ్రీవియస్సా?" అని గద్దిస్తే, మా డ్రెస్సరన్న "గవి నాకు తెల్వయి సార్. నాలుగంగుళాలు, గంతే" అన్నాడట. సినిమా పాటల్లో మనసుకయ్యే గాయం గురించి రేడియోలో వస్తే మాత్రం ఆయనకు నవ్వాగేది కాదు. "దీనికి ఎన్ని కుట్లు పడ్తయి సిస్టరమ్మా?" అనేవాడు.

చండ్రుగొండ వైపు నుంచి ఒక ఆసామి తన పొగాకు చేలో కూలిమనిషిని బండి మీద తెచ్చాడు. బండి తాడుతో కొట్టినట్టున్నాడు. రవిక వీపుకు అతుక్కుపోయింది. మేం తడిపి తడిపి తీస్తుంటే ఆమె పళ్ళు పటపటలాడుతున్నాయి. ఆసామి గుమ్మంలో నిలబడి "అబ్బే, గాయమేం కాదండీ, కంచెకి గీసుకుంది. రేపు పన్లోకి వస్తది" అన్నాడు.

"మీ చేన్ల గీత కావచ్చు దొరా. నా బల్ల మీదికొస్తే గాయమే" అని ఆయన స్కేలు పెట్టాడు. ఆరంగుళాలది ఒకటి, ఐదంగుళాలవి రెండు. తాడు పురి అచ్చు కూడా రాశాడు. చదివి వినిపిస్తుంటే ఆమె మొదటిసారి ఏడ్చింది. అప్పటిదాకా ఆమెకు ఎంత తగిలిందో ఎవరూ పైకి అనలేదు కదా.

ఇక అసలు సంగతి. దీన్ని ఇప్పటిదాకా నేను ఎవరికీ చెప్పలేదు.

ఆ ఏళ్ళలో రాత్రి వచ్చినవాళ్ళు అన్నం పెట్టమనేవాళ్ళు, పగలు వచ్చినవాళ్ళు ఎందుకు పెట్టావని కొట్టేవాళ్ళు. మధ్యలో నలిగేది అడవి గూడేలు. ఒక సంత రోజు జీపు వచ్చి మా మెట్ల ముందు ఆగింది. ఒక ఎస్సై, ఇద్దరు కానిస్టేబుళ్ళు. వెనక నుంచి ఒక మనిషిని బస్తాలా కిందికి లాగారు. వెదురు కొట్టే కోయ మనిషి. పై పెదవి చీలి రెండు ముక్కలయింది. ఎడమ మోచెయ్యి ఎటు వంగకూడదో అటు వంగి ఉంది. డాక్టరుగారు ఊళ్ళో లేరు.

"చెట్టెక్కి పడ్డడు. కట్టు కట్టి, బాగానే ఉన్నడని చీటీ రాయండి. తీస్కపోవాలె" అన్నాడు ఎస్సై.

ఆ చీటీ ఎందుకో నాకు తెలుసు. అంతకు ముందు నెలలోనే అలాంటి చీటీతో జీపెక్కినవాడు వాగు పక్కన శవమై దొరికాడు. మా చీటీలో బాగానే ఉన్నాడని ఉంది కాబట్టి, తర్వాత ఏమైనా మాదీ కాదు, వాళ్ళదీ కాదు. పెద్ద దవాఖానాకు పంపమని రాస్తే మాత్రం అందరి కళ్ళ ముందూ పోవాలి. ఆ మనిషి బతకడం చావడం నా చేతిలో ఉన్న కాగితం మీద ఉంది. డాక్టరు లేనప్పుడు సంతకం నాది.

నేను రాశాను. "చెట్టు మీది నుంచి పడ్డాడు, బాగానే ఉన్నాడు" అని నా చేత్తో నేనే రాశాను. అక్షరాలు చక్కగానే వచ్చాయి.

డ్రెస్సరన్న నేను రాసింది చూశాడు. కింద కూర్చుని ఆ మనిషి కాళ్ళు కడిగాడు. కడుగుతూ కడుగుతూ ఆగి, "సిస్టరమ్మా, ఒక్కసారి ఇటు రా" అని పిలిచాడు. అరికాళ్ళు రెండూ ఉబ్బి నల్లగా ఉన్నాయి. వాటి మీద అడ్డంగా వాతలు. చర్మం పగిలి నీళ్ళూ నెత్తురూ కారుతున్నాయి. ఆయన స్కేలు పెట్టి ఒక్కొక్కటే లెక్కబెట్టాడు, పన్నెండు.

"అరికాళ్ళ మీద కొట్టే చెట్టు ఏ అడివిల ఉన్నది సిస్టరమ్మా?" అన్నాడు మెల్లగా.

నేను నా చీటీ చింపేశాను. ఆయన రిజిస్టరు తెరిచి రాయడం మొదలుపెట్టాడు. ఎస్సై అది చూసి, కానిస్టేబుల్ చేతిలోని తుపాకీ లాక్కుని, దాని మడమతో ఆయన కుడిచెయ్యి మీద కొట్టాడు. కింద ఇనుప బల్ల. ఎముక విరిగిన చప్పుడు విన్నాను. రెండోసారి, మూడోసారి కూడా కొట్టాడు. పెన్ను విరిగి సిరా, నెత్తురు కలిసిపోయాయి. ఆయన నోటి నుంచి వచ్చిన అరుపు మనిషిది కాదు.

ఆ అరుపుకే సంతలో జనం కదిలారు. కిటికీ ఊచల దగ్గర, గుమ్మం దగ్గర, కూరగాయల గంపలతో, కోళ్ళతో నిలబడ్డారు. ఆయన చేతిని కడుపుకు అదుముకుని, చెమటలు కారుతుంటే, "నువ్వు రాయి సిస్టరమ్మా. నేను చెప్త" అన్నాడు. రాశాను. పెదవి, మోచెయ్యి, పన్నెండు వాతలు, కర్రతో కొట్టినవి. పెద్ద దవాఖానాకు పంపాలని రాసి సంతకం పెట్టాను.

"ఇగ సదువు."

"అన్నా..."

"సదువు. ఎవ్వనిదైనా సదివినం. ఆయినది ఎందుకు సదవం?"

చదివాను. నా నోరెక్కువని చెప్పాను కదా, ఆ రోజు ఒక్కరోజే అది పనికొచ్చింది. నేనొక ముక్క చదివితే ఆయన పళ్ళ బిగువున దాన్ని కోయలో చెప్పాడు. పన్నెండు అన్నప్పుడు కిటికీ దగ్గర ఒక ముసలామె పైకి ఏడ్చింది. ఆ తర్వాత ఒక్కరూ కదల్లేదు. ఎస్సై అందరి మొహాలూ చూశాడు. ఇంతమంది విన్నాక ఆ మనిషిని మళ్ళీ జీపులో వేసుకునే ధైర్యం అతనికీ లేదు. కొత్తగూడెం బస్సును ఆపి, జనమే అతన్ని ఎత్తి సీటు మీద పడుకోబెట్టారు. కానిస్టేబుల్ వెంట వెళ్ళాడు. ఆ మనిషి బతికాడు.

బస్సు వెళ్ళాక డ్రెస్సరన్న బల్ల మీద కూర్చుని చెయ్యి చాపాడు. "ఇప్పుడు నాది" అన్నాడు. కొలిచాను. మూడు వేళ్ళ ఎముకలు తునకలు. రాసి, చదివి వినిపించాను. ఆయన చివరి మాట దాకా వినే కట్టు కట్టనిచ్చాడు.

ఆ వేళ్ళు మళ్ళీ వంగలేదు. ఎడమచేత్తో కుట్లు వేయడం నేర్చుకున్నాడు. నా మొదటి చీటీ సంగతి కట్టుకున్న భార్యకు కూడా చెప్పలేదని ఆయన పోయిన రోజే నాకు తెలిసింది. ఎందుకంటే నేను శవం దగ్గరికి వెళ్ళేసరికి ఆవిడ అందరికీ నన్ను చూపించి "మా ఆయినతోని నిలవడ్డ సిస్టరమ్మ గీమెనే" అంటోంది. నా తల నేలలోకి దిగిపోయినట్టయింది.

స్నానం చేయించి, చేతులు ఛాతీ మీద జోడించి బొటనవేళ్ళు కట్టబోయారు. కుడిచేతి వేళ్ళు మూడూ బిర్రుగా నిలబడ్డాయి. ఎవరో గట్టిగా వంచబోతే ఆవిడ కసిరింది. "ఇడిసిపెట్టుండ్రి. తుపాకీ మడమకే వంగలే, మీకు వంగుతయా?" పాడె ఎత్తారు. కొత్త గుడ్డ ఒళ్ళంతా సాఫుగా పరుచుకుంది, ఛాతీ మీద ఆ ఒక్కచోట తప్ప.