హ్యాండిలుకు వేసిన దండ

నిన్న పొద్దున మా అపార్ట్‌మెంట్ సెల్లారులోకి దిగగానే ఆ వాసన ముక్కుకు తగిలింది. సైకిలుకు వేసే నూనె, ఇంకా ఆరని గంధం, చామంతిపూలు, మూడూ కలిసిన వాసన. ముందురోజే ఆయుధపూజ అయింది. షోళింగనల్లూరులో మాలాంటి పన్నెండంతస్తుల భవనాల్లో ఆయుధాలంటే కార్లు, స్కూటర్లు, నీళ్ల మోటారు, ఊడ్చేవాళ్లకు సొసైటీ ఇచ్చిన నాలుగు పాత సైకిళ్లు. అన్నింటికీ సర్వీసు చేయించి బొట్లు పెట్టారు, దండలు వేశారు. ఈ ఏడు కమిటీలో నేనూ ఉన్నాను కాబట్టి, సర్వీసయిన సామాన్ల జాబితా కింద సంతకం పెట్టడానికి దిగాను. బ్లాకులు ఊడ్చే మల్లిక అందులో ఒక సైకిలును నడిపించుకుంటూ ఎదురొచ్చింది. చిన్న గుంటలోకి ముందు చక్రం దిగినప్పుడు హ్యాండిలు దగ్గర టక్కుమని చప్పుడైంది.

"ఏం మల్లికా, ఆ చప్పుడేంది?" అన్నాను.

"హ్యాండిల్ ఆడతా ఉంది మా. సూపర్‌వైజర్ సార్ దగ్గర చెప్పినా. టైట్ చేసేసినాం, పో అన్నాడు."

టైట్ చేసేసినాం. ఈ మాట చెవిన పడితే నాకు ఒళ్లు మండుతుంది. పాతికేళ్లకు పైగా మండుతూనే ఉంది. వయసుతో పాటు అన్ని కోపాలూ చల్లబడ్డాయి కానీ ఇదొక్కటీ చల్లబడలేదు, చల్లబడాలని నేను కోరుకోనూ లేదు. ఎందుకో తెలియాలంటే పద్మక్క సంగతి చెప్పాలి.

తొండియార్‌పేటలో ఒక ధర్మాసుపత్రి ఉండేది. ఇరవైమూడేళ్లప్పుడు నేను అందులో గుమస్తాగా చేరాను. పద్మక్క అక్కడ నర్సు. వార్డులో పని కాదు ఆమెది, వీధుల్లో పని. లేవలేని ముసలివాళ్లకు పుండ్లు కడిగి కట్లు మార్చడం, బాలింతల్ని చూడడం, ఇంటింటికీ తిరిగి మందులివ్వడం. అలా తిరిగే ఏడుగురు ఆడవాళ్లకు ఆమె పెద్ద. ఏడుగురికీ ఆసుపత్రి ఏడు పాత సైకిళ్లు ఇచ్చింది. పద్మక్క వాళ్లు నాలుగు తరాలుగా ఆ పేటలోనే ఉన్న తెలుగువాళ్లు. తండ్రి హార్బరు దగ్గర ఒక వర్క్‌షాపులో ఫిట్టరు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని సైకిలెక్కిందంటే లారీలవాళ్లు కూడా పక్కకు తప్పుకునేవారు. తప్పుకోకపోతే ఆమె నోట ఏం వినాల్సొస్తుందో వాళ్లకు తెలుసు.

సైకిళ్ల రిజిస్టరు రాయడం నా పనుల్లో ఒకటి. నాకూ సొంతంగా ఒక సైకిలు ఉండేది. చేరిన మొదటివారమే నేను వెళ్లి, "అక్కా, నా సైకిలు హ్యాండిలు లూజుగా ఉంది, ఒక స్పానరు ఇస్తే బిగించుకుంటా" అన్నాను. ఆమె ఇవ్వలేదు.

"ఏది లూజు?"

"హ్యాండిలే అక్కా."

"కడుపునొప్పి అని వచ్చినోళ్లకు కడుపంతా కోస్తామా? ఆడ మూడు చోట్ల ఆడతాది. ఏది ఆడతా ఉందో చెప్పు, స్పానర్ ఇస్తా."

నాకు తెలియదని ఆమెకు తెలుసు. ఆసుపత్రి వాకిట్లో, అందరూ చూస్తుండగా, ముందు చక్రాన్ని రెండు మోకాళ్ల మధ్య ఇరికించి పట్టుకోమంది. సిగ్గుతో చచ్చిపోయాను. "సిగ్గు ఇంటికాడ పెట్టిరా మే" అంది. చక్రం కదలకుండా పట్టుకుని హ్యాండిలును పక్కకు తిప్పాలి. చక్రం నిలబడి హ్యాండిలు మాత్రం తిరిగితే, దాని కింద నిలువుగా లోపలికి దిగిన గొట్టం పట్టు వదిలిందన్నమాట. తర్వాత రెండు పిడుల మీదా బరువు మోపి కిందికి నొక్కాలి. పిడులు కిందికి వాలితే అడ్డకడ్డీని పట్టుకున్న బిగింపు వదులైంది. ఆఖరున ముందు బ్రేకు పట్టుకుని సైకిలును ముందుకూ వెనక్కూ ఊపుతూ, హ్యాండిలు మెడ దగ్గరున్న బేరింగు కప్పుల మీద వేలు పెట్టాలి. వేలికి టకటకమని తగిలితే లోపలి గుండ్లు అరిగాయి. "మూడు జబ్బులు. ఈ షాపోళ్లు మూడిటికీ ఒకే మందు ఇస్తారు, టైట్ చేసేసినాం పో అంటారు. నువ్వు మాత్రం ఏది కదలతా ఉందో తెలీకుండా బిగించబాక" అంది. నా సైకిలుకు రెండో జబ్బు. పావు తిరుగుడుతో కుదిరింది. ఆ పావు తిరుగుడు కోసం అరగంట నిలబెట్టిందని ఆరోజు పద్మక్క మీద లోలోపల విసుక్కున్నాను కూడా.

రెండేళ్లు గడిచాయి. ఆ ఏడాది సూపరింటెండెంటుగారికి ఒక ఆలోచన వచ్చింది. మందుల సంచులు భుజాన మోయడం ఎందుకు, ప్రతి సైకిలుకూ ముందు ఒక రేకుపెట్టె బిగిస్తే సరిపోతుంది కదా అన్నారు. ఆలోచన మంచిదే. కానీ పెట్టె హ్యాండిలుకు అడ్డమొచ్చింది. అప్పుడు పెట్టె చిన్నది చేయించాలా వద్దా? చేయించలేదు. హ్యాండిల్ పైకి లేపమని సైకిల్‌షాపాయనకు చెప్పారు, ఆయన లేపాడు. ఎంతవరకు లేపవచ్చో ఇద్దరిలో ఒక్కరూ ఆలోచించలేదు.

ఆ సైకిళ్లలో ఒకటి చెల్లమ్మది. కట్లు కట్టడంలో పద్మక్కకు కుడిచెయ్యి లాంటి మనిషి. నలభై దాటింది, మాట మెత్తన. ఒకరోజు నా బల్ల దగ్గరికి వచ్చి, "హ్యాండిల్ ఆడతా ఉంది మా, కొంచెం రాసుకో" అంది. రాసుకున్నాను. 'చెల్లమ్మ సైకిలు, హ్యాండిలు' అని నా నోటుబుక్కులో ఉంది. ఆయుధపూజ ఇంకో వారమే ఉంది, ఎలాగూ అన్నీ షాపుకు పోతాయి కదా అనుకున్నాను.

ఆ షాపు పద్ధతి ఏమిటంటే, పూజకు ముందు సైకిళ్లన్నీ కిరసనాయిలుతో కడిగి, మెరిసేదాకా నూనె పూసి, హ్యాండిలు మెడ మీద గంధం, కుంకుమ బొట్టు పెట్టి, లావుపాటి చామంతి దండ వేసి పంపేవాడు. ఏడు సైకిళ్లూ వరసగా వాకిట్లో నిలబెడితే పెళ్లివారిలా ఉన్నాయి. పద్మక్క ఆరోజు వేరే పేటలో క్యాంపుకు వెళ్లింది. షాపాయన రిజిస్టరు అందుకుని, 'సర్వీసు అయినవి, బాగున్నవి' అని నా చేత రాయించాడు. కింద సంతకం పెట్టాను. ఒక్క దండ తీసి చూడలేదు. ఒక్క చక్రాన్ని మోకాళ్ల మధ్య పెట్టుకోలేదు. రెండేళ్లకు ముందు వాకిట్లో అరగంట నిలబడి నేర్చుకున్నదాన్ని నేను. ఇప్పటికీ ఆ సైకిల్‌షాపాయన మీద వచ్చినంత కోపమూ నా మీద నాకు వస్తుంది.

మూడోరోజు రైల్వేగేటు దిగేచోట చెల్లమ్మ బ్రేకు పట్టుకుని, ఎదురొచ్చిన ఆటోను తప్పించడానికి పక్కకు తిప్పింది. హ్యాండిలు తిరిగింది. చక్రం తిరగలేదు. చెల్లమ్మ వెళ్లి రేకుపెట్టె మీద పడింది, కుడి మణికట్టు రెండుచోట్ల విరిగింది.

అసలు కథ ఆ తర్వాతే ఉంది. మణికట్టుకు కట్టు కట్టి ఇంకా రెండురోజులైనా కాలేదు, సూపరింటెండెంటుగారు ఒక ఉత్తరం టైపు చేయమని నాకిచ్చారు. చెల్లమ్మకు సైకిలు సరిగ్గా తొక్కడం రాదనీ, వయసు మీదపడిందనీ, చీరతో అజాగ్రత్తగా తొక్కి పడిందనీ, కాబట్టి పనిలోనుంచి తీసేస్తున్నామనీ అందులో ఉంది. పదిహేనేళ్లు ఆ సందుల్లో సైకిలు తొక్కిన మనిషి గురించి! అయినా టైపు చేశాను. టైపు చేసిన కాగితం ముందు పద్మక్కకు చూపించాను, అదొక్కటే ఆరోజు నేను చేసిన మంచిపని.

అరుస్తుందనుకున్నాను, అరవలేదు. పోలీసులు తీసుకెళ్లి స్టేషను పక్కన పెట్టిన సైకిలును తనే నడిపించుకుంటూ తెచ్చి, మెట్లెక్కించి, తిన్నగా సూపరింటెండెంటుగారి గదిలోకి తోసుకెళ్లింది. సైకిల్‌షాపాయనకు కబురు పెట్టింది. నన్ను రిజిస్టరు తెమ్మంది. ఎండిన దండ ఇంకా హ్యాండిలుకే వేలాడుతోంది.

షాపాయన వచ్చాడు. ధీమాగా స్పానరు తీసి పైబోల్టుకు తగిలించి, "చూడండి సార్, ఇంక ఇంతైనా తిరగదు. అంత టైట్ చేసి పెట్టినా" అన్నాడు. నిజమే, బోల్టు రవ్వంతైనా కదల్లేదు. సూపరింటెండెంటుగారు తల ఊపి, "ఇంకేం చూడాలి సిస్టర్?" అన్నారు.

"హ్యాండిల్ చూడాల సార్" అంది పద్మక్క. కుచ్చిళ్లు ఎత్తి దోపుకుంది. ముగ్గురు మగవాళ్లు, ఆయనా, షాపాయనా, తలుపు దగ్గర ప్యూనూ, ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య ఇరికించుకుని నిలబడ్డ ఆమె ముందు ఎటు చూడాలో తెలియక తడబడ్డారు. ఆమె ఒక్క వేలు పెట్టి నెట్టింది. హ్యాండిలు తలుపు గొళ్లెంలా పక్కకు తిరిగింది.

తర్వాత కిరసనాయిలు రెండు చుక్కలు వేసి, స్పానరు చివర పైపుముక్క తొడిగి లాగింది. బోల్టు కీచుమంటూ రెండు చుట్లు వదిలింది. దాని మీద చెక్కముక్క పెట్టి సుత్తితో ఒక్కటి తట్టి, హ్యాండిలును పైకి లాగేసింది. బోల్టు మరలన్నీ ఎర్రటి తుప్పు. దాని కొసన ఏటవాలుగా కోసిన ఇనుపముక్క ఉంటుంది. బోల్టు బిగించేకొద్దీ అది పైకి వచ్చి గొట్టాన్ని లోపలినుంచి అదిమి పట్టుకోవాలి. అది పైకే రాలేదు. బోల్టు బిగుసుకున్నది తుప్పు మీద. సముద్రం పక్కన ఉప్పుగాలిలో తిరిగే సైకిళ్లను ఏటా నీళ్లూ కిరసనాయిలూ పోసి కడగడమే తప్ప, ఎవరూ ఒక్కసారైనా విప్పి చూడలేదు.

"ఇంకోటి ఉంది సార్" అంది. చీర కొంగుతో గొట్టం మీది గంధం బొట్టు తుడిచింది. బొట్టు కింద ఒక అడ్డగీత. "ఈ గీత లోపల ఉండాల. బైటికి కనిపించిందంటే చేసినోడు ఇంకా పైకి లాగద్దని చెప్పినట్టు. ఇది బైట రెండు వేళ్లు ఉండింది. మీ పెట్టె కోసరం లేపినారు. గీత మింద బొట్టు పెట్టి, బొట్టు మింద దండ ఏసినారు. చెల్లమ్మకి సైకిల్ రాదని ఎట్ల రాస్తారు?"

అప్పుడు సూపరింటెండెంటుగారు చేతులు చాపి రిజిస్టరు లాక్కున్నారు. పేజీ తిప్పి వేలు పెట్టి, "బాగున్నవి అని సంతకం ఉంది కదా. ఎవరిదిది?" అన్నారు.

పద్మక్క కిటికీవైపు చూస్తోంది. "నాదే సార్" అన్నాను. "చూడకుండా పెట్టాను. వారం ముందు చెల్లమ్మ హ్యాండిలు ఆడుతోందని నాకు చెప్పింది. రాసుకున్నాను. అయినా చూడలేదు."

ఉత్తరం చించేశారు. చెల్లమ్మ పని నిలిచింది. మెమో నాకు వచ్చింది, న్యాయంగానే వచ్చింది. కానీ చెల్లమ్మకు ఎవరూ క్షమించమని చెప్పలేదు. పెట్టె ఆలోచన చేసిన పెద్దమనిషి చెప్పలేదు, హ్యాండిలు లేపినాయన చెప్పలేదు. పై ఏడు అదే షాపువాడు అవే దండలు పట్టుకుని నవ్వుకుంటూ వచ్చాడు. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది అదే. చెల్లమ్మ చెయ్యి అతుక్కుంది గానీ, తడిబట్ట పిండాలంటే ఎవరినో పిలవాల్సొచ్చేది. కట్లు కట్టే చెయ్యి అది.

ఉత్తరం చించేసిన సాయంత్రం మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే పద్మక్క టీ తెచ్చి నా పక్కన పెట్టింది.

"నీ సంతకమని నాకు పొద్దున్నే తెల్సు మే. నువ్వు నోరు తెరస్తావా లేదా అని చూస్తా ఉండినా."

"తెరవకపోయుంటే?"

"నేనే చెప్పుండేదాన్ని. ఆమీట జన్మలో నీతో మాట్లాడుండను."

ఓదార్పు మాటలు ఆమె దగ్గర ఎప్పుడూ లేవు. ఆ తర్వాత ప్రతి పూజకూ సైకిళ్లు షాపునుంచి వస్తే దండలన్నీ తీయించి, నా చేత ఒక్కొక్క చక్రం పట్టించి, తర్వాతే మళ్లీ వేయనిచ్చేది. పూజ మీద ఆమెకు భక్తి ఎక్కువే. చూసిన తర్వాత పెట్టిన బొట్టే బొట్టు అనేది. ఆమె పోయి నాలుగేళ్లయింది. తండ్రినాటి స్పానర్లను మనవరాలికి ఇచ్చి వెళ్లిందని విన్నాను.

నిన్న సెల్లారులో సూపర్‌వైజరు జాబితా, పెన్ను నా చేతికి అందించాడు. "అన్నీ ఓకే మేడమ్. ఇక్కడ సైన్ చేయండి." నేను పెన్ను తిరిగిచ్చి, మల్లిక చేతిలోని సైకిలు అందుకున్నాను. దండ తీశాను. బొట్టు కొంగుతో తుడిచాను. యాభై దాటిన మోకాళ్లు కొంచెం మూలిగాయి గానీ చక్రాన్ని ఇరికించుకున్నాను. పక్కనుంచి కారు తీస్తున్న ఎవరో ఆగి చూశారు, చూడనీ. హ్యాండిలు తిప్పాను. చక్రం నిలబడింది, హ్యాండిలు తిరిగింది. "పూజకు ముందే టైట్ చేశాం మేడమ్" అంటూ సూపర్‌వైజరు మొదలుపెట్టాడు. ఏది టైట్ చేశావు అని అడిగాను. విప్పి, తుప్పు తీసి, మళ్లీ నా ముందు పరీక్ష పెట్టేదాకా నాలుగింటినీ ఎవరూ ఎక్కకూడదని చెప్పాను. ఆ పని అయ్యేదాకా నా సంతకం లేదు.

మల్లిక దండను చేతిలో పట్టుకుని నన్నే చూస్తోంది.

"నీకెట్ల తెలిసింది మా, ఇది పోయిందని?"

"నువ్వే కదా చెప్పినావు" అన్నాను.