చప్పట్లు లేని ఆరాధన

మా పాప నాలుగేళ్లకే ఆరు కీర్తనలు కంఠతా చెప్పేది. ఈ దీవిలో, జంగ్లీఘాట్ పేటలో మా చర్చి సంఘం చిన్నది. ప్రతి ఆదివారం ఎవరో ఒకరు దాన్ని బల్ల మీద నిలబెట్టి చెప్పించేవారు. "అభిషేకం ఉన్న పిల్ల" అనేవారు. నేనూ లేచి, ఇది దేవుడిచ్చిన వరమని సాక్ష్యం చెప్పాను, కాస్త గర్వంగానే.

ఒకటే ఇబ్బంది. కీర్తన అయ్యాక అందరూ చప్పట్లు కొట్టగానే చెవులు మూసుకుని కేకలు పెట్టేది. నేను ఎత్తుకుని బయటికి పరుగెత్తేదాన్ని. మిగతా ప్రసంగమంతా గుమ్మం బయట, చెప్పుల మధ్య నిలబడి వినడమే.

బాలవాడిలో పిల్లలకు చెప్పే దీదీ పోరితే డాక్టరమ్మకు చూపించాం.

"ఆకలేస్తే అడుగుతుందా?" అందావిడ.

"కీర్తనలు చెబుతుంది మేడమ్," అన్నారు మా ఆయన.

"అది కాదు భయ్యా, అన్నం కావాలని అడుగుతుందా?"

అడగదు. అడిగే పని లేకుండా మేమే టైముకు పెట్టేస్తున్నాం. ఇంకో మూడుసార్లు చూశాక ఆటిజం అని చెప్పింది.

ఆ మాట కంటే సంఘమే నన్ను ఎక్కువ భయపెట్టింది. "ఇక ఇంట్లోనే ప్రార్థన చేసుకోమంటారేమో," అన్నాను.

"సాక్ష్యం చెప్పింది నువ్వే. సరిచేసేదీ నువ్వే," అని నవ్వారాయన.

ఆదివారం లేచి నిలబడ్డాను. "దేవుడిచ్చిన వరం గురించి చెప్పి, ఆయనిచ్చిన బిడ్డను సగం దాచాను," అని మొదలుపెట్టి, ఆటిజం గురించీ, చప్పుడుకు దాని చెవులు పడే బాధ గురించీ చెప్పాను. "మమ్మల్ని లోపల కూర్చోనివ్వండి," అన్నాను.

ముందు వరస మామ్మగారు గయ్యిమన్నారు. "ముందే చెప్పొద్దేటే? మురిసిపోయి మరీ గట్టిగా కొట్టేస్తున్నాం కదా!"

పాస్టరుగారు జేబులోంచి రుమాలు తీశారు. "వచ్చే వారం నుంచి చప్పట్లు వద్దు. చేతిరుమాళ్లు ఊపుదాం."

"రుమాలు లేనోళ్లో?" ఎవరో వెనక నుంచి.

"కొంగు లేదేటి?" అన్నారు మామ్మగారు.

మరుసటి ఆదివారం మొదటి పాటకే హాలంతా గుడ్డలు లేచాయి. అలవాటు కొద్దీ మామ్మగారు ఒక్క చప్పట కొట్టేసి, నాలిక కరుచుకుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నారు. నా ఒళ్లో పాప ఆ ఎగిరే గుడ్డల్ని చూసి, సంతోషమొస్తే ఎప్పుడూ చేసినట్టే, రెండు చేతులూ గబగబా ఆడించింది. ఆ రోజు అందరూ దానిలాగే ఊపుతున్నారు.

చివరి ఆశీర్వాద ప్రార్థన దాకా లోపలే ఉన్నాం.