పాత బట్టలున్న చోటు

సూర్యాపేట దవాఖానలో ఫినాయిల్ వాసన తగిలితే ఇప్పటికీ నాకు మంచం పట్టిన నాయనమ్మే గుర్తొస్తుంది.

ఒకరోజు ఆమెను చూడటానికి మా ఇంటికొచ్చిన చుట్టాలు కూర్చుని ఉండగానే ఆమె పక్క తడిసింది. అమ్మేమో బర్లకు గడ్డి కోయడానికి పోయింది. బాపు లేచి బీరువా తెరిచాడు, మళ్లీ మూశాడు. పాత బట్టలు ఎక్కడుంటాయో ఆయనకు తెలియదు.

"నువ్వు ముట్టకు బిడ్డా, కోడల్ని రానీ," అంది నాయనమ్మ బాపుతో, గోడవైపు తిరిగి.

నేను చేనుదాకా ఉరికాను. అమ్మ వచ్చి, గడ్డిమోపు వాకిట్లో పడేసి, అందరినీ బయటికి పంపి తలుపేసుకుంది.

బయట నాయనమ్మ తమ్ముడు బాపు భుజం తట్టాడు.

"తల్లిని గింత మంచిగ సూసుకునే కొడుకు యాడుంటడు అల్లుడా!"

లోపల అమ్మ బట్టలు పిండుతున్న చప్పుడు. బాపు తల దించుకున్నాడు.

పొగిడితే ఆయనకు సిగ్గేమో అనుకున్నాను, చాలా ఏళ్లదాకా.