నర్సింహ వ్యానులో వెనక బల్ల

ఖాజాగూడ నర్సింహకు పదకొండేళ్లుగా ఒకటే పని. పొద్దు పొడిచే వేళకు ఊరి ఆడవాళ్లను, వాళ్ల కూరగాయల గంపలను, పాల క్యాన్లను తన పాత వ్యానులో ఎక్కించుకుని మెహిదీపట్నం అంగడికి చేర్చడం, ఎండ ముదిరాక మళ్లీ తీసుకురావడం. ఆ వ్యాను మిలిటరీ వాళ్లు వేలం వేస్తే కొన్నది. అప్పటికే దాని వయసెంతో అమ్మినవాళ్లకే తెలియదు. ఊరికి బస్సు లేదు గనక, దాని పొగ గురించి ఎవరూ ఎన్నడూ నోరెత్తలేదు.

1973 ఎండాకాలంలో వ్యానును రవాణా ఆఫీసులో చూపించి ఫిట్‌నెస్ కాగితం తెచ్చుకోవలసిన గడువు దగ్గరపడింది. ఏటా జరిగే తతంగమే. కాని ఆ వారం బడి పంతులమ్మ రత్నమాల పేపరు చదివి ఒక మాట చెప్పింది. ఆవిడ కాకినాడ వైపు మనిషి. ఊళ్లో పేపరు తెప్పించుకునేది ఆవిడొక్కతే. పట్నంలో పొగ పెరిగిపోతోందని, పాత బండ్లను ఇక రోడ్డెక్కనివ్వకూడదని ఎవరో పెద్దమనిషి రాశాడట. అది చట్టమా, ఉత్త సలహానా అని నర్సింహ రెండుసార్లు అడిగాడు. సలహాయేనని చెప్పి ఆవిడ ఊరుకోలేదు.

"మంచి సలహాయే లెండి," అంది.

ఆ మాట అతని మనసులో ముల్లులా దిగింది. బండి ఆగిపోతే? సెంటు భూమి లేదు, చేతిలో ఇంకో పని లేదు. స్టీరింగు పట్టుకుని కూర్చున్నంతసేపూ చెవి ఇంజిను మీదే. అద్దంలో వెనక నల్లటి పొగ కనబడినప్పుడల్లా చూపు తిప్పేసుకునేవాడు. టోలిచౌకిలో మెకానిక్ లింగమూర్తికి చూపిస్తే, లోపల రింగులు అరిగిపోయాయని, ఇంజిను విప్పితే నెల దాటుతుందని తేల్చాడు. ఆపైన గొంతు తగ్గించి, పరీక్షలో పొగ పలచగా కనబడే ఉపాయం చెప్పాడు.

"చిక్కటి ఆయిల్ పోస్త. ఇంజన్ గరం జేస్కొని పో. రేస్ మాత్రం ఇయ్యకు. ఫికర్ జెయ్యకు, పాసైతది."

పరీక్ష ఇంకా మూడు రోజులుందనగా, షేక్‌పేట ఎత్తు దాటాక వెనకనుంచి ఎవరో దబదబా తట్టారు. నర్సింహ బండి ఆపి దిగి చూస్తే, అతని భార్య చంద్రమ్మ రోడ్డు పక్కన రాయి పట్టుకుని వాంతి చేసుకుంటోంది. ఆమెకూ ఒక గంప ఉంది. రోజూ అందరితోపాటు వెనక బల్ల మీదే కూర్చుంటుంది. పాలమ్మే సత్తెమ్మ ఆమె చేతుల్లో నీళ్లు పోస్తూ, ఇది ఇవాళ కొత్త కాదని చెప్పింది. దుమ్ముకు ఓర్వలేక టార్పాలిన్ దించితే లోపల పొగ నిండి అందరికీ తలలు పగిలిపోతాయి. నర్సింహ పరేషాన్ అవుతాడని, చెప్పొద్దని చంద్రమ్మే అందరి నోళ్లూ మూయించిందట.

"రేపటిసంది నువ్వు ముంగట కూసో, నా పక్కన," అన్నాడు నర్సింహ.

చంద్రమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది. "నేను ముంగట కూసుంటె వీళ్లయి తలకాయలు కావా?"

అతను వచ్చి బండి కదిలించాడు.

పరీక్షనాడు లింగమూర్తి చెప్పినట్టే చేశాడు. తనిఖీ చేసే చలపతిరావు లైట్లు చూశాడు, బ్రేకు తొక్కించాడు, పొగ గొట్టం దగ్గర వంగి చూశాడు. పొగ పలచగానే ఉంది. ఆయన జేబులోంచి పెన్ను తీయడం చూసి నర్సింహకు పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది. అంతలో ఆయన వ్యాను వెనక్కి నడిచాడు. నేల చెక్కల సందుల్లో పేరుకున్న మసిని వేలితో తీసి చూసి, ఇక్కడ ఎవరు కూర్చుంటారని అడిగాడు. ఊరి ఆడవాళ్లని నర్సింహ చెప్పాడు. ఆయన తన డ్రైవరును స్టీరింగు దగ్గర కూర్చోబెట్టి, నర్సింహను వెనక ఎక్కమని, టార్పాలిన్ దించి రోడ్డు మీద ఒక చుట్టు తిప్పించాడు.

పదకొండేళ్లలో నర్సింహ ఆ బల్ల మీద కూర్చోవడం అదే మొదటిసారి. ఆ డ్రైవరు గట్టిగా రేస్ ఇచ్చేసరికి చెక్కల కిందినుంచి పొగ లేచింది. కళ్లు మండాయి, గొంతు పట్టేసింది. ఊపిరాడక టార్పాలిన్ ఎత్తబోయి, ఎత్తితే బండి తప్పు బయటపడుతుందని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. బయటపడడానికి ఇంకేం మిగిలిందని ఈసారి ఎత్తేశాడు.

"ఎలా ఉందయ్యా వెనకాల?" దిగగానే చలపతిరావు అడిగాడు.

బాగుందని ఒక్క మాటంటే సరిపోయేదేమో. పెన్ను ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

"బాగలేదు సార్. కని ఇది బందైతె మా ఊరోళ్లకు ఇంకో దిక్కు లేదు."

"దిక్కు లేదని పొగ మానదు కదయ్యా," అన్నాడాయన, కోపమేమీ లేకుండానే. ఇంజినూ నేల చెక్కలూ బాగుచేయించి తెమ్మని, అందాకా రోడ్డెక్కకూడదని రాసిచ్చాడు.

నలభై రోజులు పట్టింది. అన్నాళ్లూ ఆడవాళ్లు గంపలెత్తుకుని టోలిచౌకి దాకా నడిచి బస్సెక్కారు. గోంగూర దారిలోనే వాడిపోయేది. ఎండకు పాలు రెండుసార్లు విరిగేసరికి సత్తెమ్మ బర్రెను అమ్మేసింది. చంద్రమ్మ పాదాలు వాచాయి గాని, తలనొప్పి వారానికే పోయింది. ఆ సంగతి ఆమె చెప్పలేదు, అతనే కనిపెట్టాడు. పగలంతా లింగమూర్తి షెడ్డులో కూర్చుని, విప్పిన ప్రతి నట్టూ తిరిగి ఎక్కిందో లేదోనని చూస్తుండేవాడు.

వ్యాను పాసై వచ్చిన మొదటి రోజు, రోజూ ఎక్కే పద్నాలుగు మందిలో తొమ్మిది మందే ఎక్కారు. నర్సింహ సత్తెమ్మ ఇంటికి వెళ్లి నిలబడ్డాడు. నీ తప్పేముందని ఆమె పీట వేసింది. తిట్టి ఉంటే బాగుండుననిపించింది అతనికి.

ఇంకో అయిదేళ్లకు ఊరికి బస్సు వచ్చింది. నర్సింహ వ్యానును పాత ఇనుము కొట్టుకు ఇచ్చేసి, హఫీజ్‌పేట్ దగ్గర ఇటుకల బట్టీలో ట్రాక్టరు డ్రైవరుగా కుదిరాడు. అది కొత్త ట్రాక్టరు. అయినా ట్రాలీలో ఆడకూలీలు ఎక్కినప్పుడల్లా, ఇంజిను నడుస్తుండగానే దిగి, గాలి ఎటు వీస్తోందో, పొగ ఎటు పోతోందో చూసుకుని గాని బండి కదిలించేవాడు కాదు.